సగం చెప్పిన సాక్ష్యం

శామీర్‌పేటలో మా వీధి ఆడవాళ్లలో నా దగ్గర బ్లౌజు కుట్టించుకోనివాళ్లు తక్కువ. గొప్పకు చెప్పడం లేదు, ఉన్నమాటే. ఇరవై ఏడేళ్లుగా టేపు మెడలో వేసుకునే తిరుగుతున్నాను. ఎవరికి ఒక భుజం దిగువగా ఉంటుందో, ఎవరు పోయిన పెళ్లికీ ఈ పెళ్లికీ మధ్య ఒళ్లు చేశారో, చేసినా ఎవరు ఒప్పుకోరో అన్నీ నాకు తెలుసు. ఇంతమంది ఒంటి కొలతలు నోటికి చెప్పగలిగిన నాకు నా ఒంట్లో ఏముందో తెలియలేదు. తెలుసుకోమని కాగితం చెప్పాక కూడా నెలకు పైగా చెవిన పెట్టలేదు. ఆ సంగతంతా రాయమని మా అమ్మాయి కీర్తన పోరుపెడితే రాస్తున్నాను. ఇప్పుడు బాగున్నాను. చదివేవాళ్లు కంగారు పడకూడదని ఆ మాట ముందే చెబుతున్నాను.

మార్చి

ఈస్టరుకు ముందు శ్రమకాల ప్రార్థనలు జరుగుతున్న రోజుల్లో మా చర్చి ఆవరణలోకి ఒక తెల్ల వ్యాను వచ్చింది. లోపల రొమ్ములకు ఎక్స్‌రే తీసే మిషన్ ఉంది. దాన్నే మ్యామోగ్రామ్ అంటారు. నలభై దాటిన ఆడవాళ్లు ఎవరైనా రావచ్చు, మన సంఘంవాళ్లే కానక్కర్లేదు అని అమ్మగారు మైకులో చెప్పారు. అమ్మగారు అంటే మా పాస్టరు అయ్యగారి భార్య. పేర్లు రాసే పని నాకు అప్పగించారు కాబట్టి నా పేరు మొదట రాసుకున్నాను.

మా పక్కింటి అండాలు వదినె చెరువులో పట్టిన చేపలు అమ్ముతుంది. గంప ఇంటి ముందు దించి నేరుగా వచ్చి వరుసలో నిలబడింది.

"నాకేం రోగం లేదు గని, లోపల ఏసీ ఉన్నదంట గద. జరసేపు సల్లగుంటది" అంది.

రెండు పలకల మధ్య నొక్కినప్పుడు కళ్లలో నీళ్లు తిరిగాయి గానీ, అంతలోనే అయిపోయింది. పది రోజులకు రిపోర్టులు వచ్చాయి. అట్టలాంటి దళసరి కాగితం, అంతా ఇంగ్లీషు. కీర్తన మేడ్చల్‌లో డిగ్రీ చివరి సంవత్సరం చదువుతోంది. ఆ పొద్దున బస్సుకు ఆలస్యమవుతోందని ఒక కాలికి చెప్పు తొడుక్కుంటూ మొదటి లైను చదివింది.

"అనుమానపడే గడ్డ ఏం కనపడలేదంట మమ్మీ. నార్మల్" అని కాగితం కుట్టుమిషన్ మీద పడేసి పరుగెత్తింది.

మా అమ్మ ఈ జబ్బుతోనే పోయింది. అప్పటికి నాకు పెళ్లి కూడా కాలేదు. అందుకే ఆ ఒక్క మాట వినగానే ఇన్నేళ్లుగా మోస్తున్న బరువు దిగిపోయినట్టయింది. మా చర్చిలో మేలు పొందినవాళ్లు ఆదివారం లేచి నలుగురిలో సాక్ష్యం చెప్పాలి. చెప్పకపోతే మేలు పుచ్చుకుని మొహం చాటేసినట్టు లెక్క. ఆ ఆదివారం లేచాను.

"మా అమ్మ ఏ జబ్బుతోని పోయిందో మీకందరికి ఎర్కే. ఆ జబ్బు నన్ను ముట్టలే. దేవుడు నాకు మచ్చలేని రిపోర్టు ఇచ్చిండు" అన్నాను. సంఘమంతా స్తోత్రం అంది. కొందరు కళ్లు తుడుచుకున్నారు. నాకు మాట్లాడటం వచ్చు, ఆ రోజు ఇంకాస్త బాగానే మాట్లాడాను.

ఇక ఆ కాగితంతో పనేముంది? మెడ డిజైన్ల పేపర్ కటింగులకు నాకు అట్టకాగితం ఎప్పుడూ కరువే. రిపోర్టును నిలువుగా మడిచి పైభాగంలో కుండ ఆకారం మెడ, అదే పాట్ నెక్, కత్తిరించాను. ఆ పెళ్లిళ్ల సీజన్లో చాలా బ్లౌజుల మెడలు దాంతోనే కోశాను. గీత కూడా చక్కగా వచ్చింది.

మే

సునీత అల్వాల్‌లో నర్సు. చెల్లెలి పెళ్లికి బ్లౌజులు ఇవ్వడానికి వచ్చి, మెడలు ఎంచుకుంటూ నా పేపర్ కటింగులు ఒక్కొక్కటీ తిరగేసింది. ఒకదాని దగ్గర చెయ్యి ఆగింది.

"అక్కా, ఇది ఎవలి రిపోర్టు?"

"నాదే. నార్మలే అన్నరు."

"నార్మల్ అన్న లైను మీద ఉన్నదేమో, అది నువ్వు కోసేసినవ్. కింద ఇంకోటి ఉన్నది. ఎవరన్న సదివిన్రా?"

ఎవరూ చదవలేదు. ఆమె చదివి చెప్పింది. నా రొమ్ము లోపల దట్టంగా ఉందట. అట్లా ఉన్నవాళ్లకు మామూలు మ్యామోగ్రామ్‌లో చిన్నవి కనపడకపోవచ్చట. 3డి మ్యామోగ్రామ్ చేయించుకోమని రాశారట.

"దట్టంగ ఉండుడు రోగం కాదక్కా, మస్తు మందికి ఉంటది. గని మీ అమ్మకు ఉండె గద. ఊకె ఉండకు, జల్దీ పో" అని చెప్పి, తన బ్లౌజుకు పడవ మెడ పెట్టమని వెళ్లిపోయింది.

నిజం చెప్పాలంటే, ఆ క్షణంలో నాకు మొదట గుర్తొచ్చింది జబ్బు కాదు, సాక్ష్యం. ఇప్పుడు మళ్లీ పరీక్షకు పోతే, దేవుడిచ్చిన రిపోర్టు మీద నమ్మకం లేక పోయింది అంటారు. పోయాక ఏదైనా బయటపడితే మరీ అన్యాయం. నాకు అబద్ధాలకోరని పేరొచ్చినా సరే గానీ, దేవుణ్ణి అబద్ధికుణ్ణి చేసినట్టవుతుందని నాకు నేనే నచ్చజెప్పుకున్నాను. దేవుడి పేరు పెట్టుకున్నాను గానీ, నేను కాపాడుకున్నది నా పరువు. కాగితాన్ని తీసి పరుపు కింద పెట్టాను.

మా ఆయన ప్రభుదాస్ జీడిమెట్లలో ఒక కంపెనీలో ఫిట్టరు. తక్కువ మాటల మనిషి. "ఏంది, పరేషాన్‌ల ఉన్నవ్?" అని రెండుసార్లు అడిగాడు. పెళ్లిళ్ల పని అన్నాను. పని ఉన్నమాట నిజమే కాబట్టి అబద్ధం సులువుగా నడిచింది. స్నానం చేసేటప్పుడు మాత్రం చేతితో వెతుక్కునేదాన్ని. ఏమీ తగిలేది కాదు. తగలలేదు కదా అని ఒక పూట ధైర్యం, అమ్మకూ మొదట ఏమీ తగల్లేదేమో అని ఇంకో పూట భయం. తిన్నది ఒంటపట్టేది కాదు.

జూన్

జూన్ రెండో వారంలో అమ్మగారు బ్లౌజు వేసి చూసుకోవడానికి వచ్చారు. చంక దగ్గర వదులుగా ఉంటే మోకాళ్ల మీద కూర్చుని గుండుసూదులు పెడుతున్నాను. నోట్లో ఇంకో నాలుగు సూదులున్నాయి. అమ్మగారు అద్దంలో చూసుకుంటూ మాటల్లో మాటగా అన్నారు.

"సుగుణా, నా రిపోర్టుల గుడ కింద ఏందో రాసిన్రు. ఇంకో ఫోటో తీయించుకోవాలన్నట్టు. ముందుగాల భయపడ్డ. తర్వాత నీ సాక్ష్యం విన్న, ధైర్యమొచ్చింది. ఆ కాగితం బైబిల్‌ల పెట్టేసిన. ఇగ దాని జోలికి పోలే."

నోట్లో సూదులున్నాయి కాబట్టి జవాబు చెప్పక్కర్లేకపోయింది. ఒక్కొక్కటీ తీసి గుచ్చుతూ పోయాను. అన్నీ అయిపోయాక కూడా నోరు తెరవలేదు. ఆమె వెళ్లిపోయాక మిషన్ ముందు కూర్చున్నాను. నా ప్రాణంతో నేను ఆడుకుంటే అది నా ఖర్మ. ఆమె ప్రాణాన్ని కూడా నా మాట కింద పెట్టి కుట్టేశాను. ఈ పని చేసినందుకు నా మీద నాకు అసహ్యం వేసింది.

గోడ అవతల అండాలు వదినె పొలుసు తీస్తోంది. వెళ్లి అంతా చెప్పేశాను. కత్తి ఆపకుండా విన్నది.

"చేపకు పొట్ట కొయ్యంగనే లోపల గుడ్డున్నదా లేదా ఎర్కైతది. కొయ్యకుంట గంపల పెట్టుకొని కూసుంటె ఏం తెలుస్తది? పొద్దుగాల పోదాం. నేనొస్త" అంది.

"నీ బేరం?"

"ఒక్కరోజు చేపలు తినకుంటె శామీర్‌పేట సావదు."

మర్నాడు మేడ్చల్ దాకా ఆటోలో, అక్కడి నుంచి హైవే మీద బస్సులో పేట్ బషీరాబాద్ వెళ్లాం. అక్కడ ఒక స్కానింగ్ సెంటర్‌లో ఆ 3డి మిషన్ ఉందని సునీత చెప్పింది. ఆకుపచ్చ గౌను ఇచ్చారు. చంకలు మోకాళ్ల దాకా దిగాయి, నాడాలు ఒకటి పొట్టి ఒకటి పొడవు. ఎవరు కుట్టారో గానీ కొలత తీసుకుని మాత్రం కుట్టలేదు. భయం ఎక్కువైనప్పుడల్లా ఆ గౌను కుట్లు లెక్కపెడుతూ కూర్చున్నాను.

ఫోటో తీసే అమ్మాయిది గాజులరామారం. నా చంకల్లో పౌడరు చూసి తడిగుడ్డ ఇచ్చింది. "ఇది తుడుసుకోండి ఆంటీ. ఫోటోల తెల్లచుక్కల లెక్క కనపడ్తది, డాక్టరమ్మ ఖంగు తింటది." తర్వాత, "మిషన్ కదుల్తది, మీరు కదలొద్దు. ఊపిరి పట్టుకోండి" అంది. పలకలు నొక్కడం మామూలే. ఈసారి పైభాగం మెల్లగా నా తలకు ఒక పక్క నుంచి ఇంకో పక్కకు ఒంగింది. అదీ కొన్ని క్షణాలే.

దీంతో కొత్తగా ఏం తెలుస్తుందని అడిగాను. ఆ అమ్మాయి విడిచిన నా బట్టల మీద ఉన్న టేపు చూసింది. ఇంట్లో మెడలోంచి తీయడం మరిచిపోయి వచ్చాను.

"మీరు టైలరా? అయితే మీకు జల్ది అర్థమైతది. మీ రొమ్ము దట్టంగ ఉంది, ఫోటోల తెల్లగ పడ్తది. గడ్డ ఉన్నా తెల్లగనే పడ్తది. తెల్లబట్ట మీద తెల్లదారం ఎట్ల కనపడ్తది? పాత ఫోటోల మడతలన్ని ఒకదాని మీద ఒకటి పడ్తయ్. దీంట్ల ఒక్కొక్క మడత విప్పి చూస్తరు."

అంత చక్కగా నాకు ఇంతవరకూ ఎవరూ ఏదీ చెప్పలేదు. అయితే మడతలు విప్పాక ఒక పొరలో దారం కనపడింది. అక్కడి డాక్టరమ్మ సూదితో చిన్న ముక్క తీసి పరీక్షకు పంపింది. బయట అండాలు వదినె కొంగున కట్టుకొచ్చిన పల్లీలు నా చేతిలో పోసి, ఏమొచ్చిందని అడగకుండా బస్సు ఎక్కించింది.

వారానికి ఫలితం వచ్చింది. క్యాన్సరే. "చాలా చిన్నది సుగుణ గారూ. చేతికి తగిలే సైజు కాదు. ఇప్పుడు దొరకడం మంచిదైంది" అంది డాక్టరమ్మ. మంచిది అన్న మాట ఆ పూట నాకు ఎక్కలేదు. తర్వాత ఎక్కింది.

ఇంట్లో చెప్పాను. ప్రభుదాస్ టిఫిన్ బాక్సు కడుగుతున్నాడు. కడిగిందే కడుగుతూ నిలబడ్డాడు.

"నీ రిపోర్టు బ్లౌజు మెడలకు పనికొచ్చింది. నాకు చెప్పనీకి పనికి రాలేదా?" అన్నాడు. రెండు రోజులు మాట్లాడలేదు. మూడో రోజు సెలవు పెట్టి వచ్చి, నా ఫైలు ఒక సంచిలో సర్ది, దాన్ని తన బండి హ్యాండిల్‌కు తగిలించుకున్నాడు. అప్పటి నుంచి ఆ సంచి ఆయన దగ్గరే ఉంది.

కీర్తన అన్నం మానేసింది. "నేను కింద దాక సదివుంటె మూడు నెలల కిందనే పోయేటోళ్లం" అని ఒకటే ఏడుపు.

"నువ్వు సదవలే, నేను కత్తిరించిన. ఇద్దరం ఇద్దరమే. ఇగ అన్నం తిను. లేకుంటె నిన్ను సూసుకునుడు ఇంకో పని నాకు" అన్నాను. తిన్నది. నేనూ తిన్నాను.

ఆ ఆదివారం మళ్లీ లేచాను. పరుపు కింది కాగితం బయటికి తీసి, మెడ కత్తిరించిన చోటు అందరికీ కనపడేలా పట్టుకున్నాను. 

"మొన్న నేను సాక్ష్యం సగమే చెప్పిన. తక్కిన సగం ఇందుల ఉన్నది" అని, కీర్తన తెలుగులో రాసిచ్చిన ఆ కింది లైను చదివాను. నాకు ఏం వచ్చిందో చెప్పాను. "దేవుడు అబద్ధం ఆడలే. కాగితం గుడ ఆడలే. నేనే కింద దాక సదివిపియ్యలే. సునీత చెప్పినంక గుడ సిగ్గుకు దాసిపెట్టిన. నా మాట విని ఎవరన్న ఆగిపోయింటె, ఆగకున్రి."

ఈసారి స్తోత్రం వినపడలేదు.  ముందు బెంచీలో అమ్మగారు తల దించుకున్నారు. కూటం అయ్యాక నాతో మాట్లాడకుండానే వెళ్లిపోయారు. నలుగురిలో ఆమెను తప్పుపట్టినట్టయిందేమో అని బాధపడ్డాను. ఆమె పేరు ఎత్తలేదు, అయినా తగిలేవాళ్లకు తగులుతుంది కదా.

జూలై

ఆపరేషన్‌కు ముందు ఇంకో రకం మ్యామోగ్రామ్ కావాలన్నారు. అదే సెంటర్‌లో, చేతి నరంలోకి ఒక మందు ఎక్కించి తీస్తారట. గడ్డ ఉన్నచోట ఆ మందు తేలుతుందట. ఇంకెక్కడైనా రెండోది దాక్కుందేమో చూడటానికి. అన్ని పరీక్షల్లోనూ నేను ఎక్కువ భయపడింది దీనికే. ఒకటి ఉంటే కోసి తీస్తారు. ఇంకా ఉంటే మొత్తం తీసేస్తారేమో అని నా లెక్క.

ప్రభుదాస్ సంచితో బయట కూర్చున్నాడు. నేను గౌను వేసుకుని లోపలి గదిలోకి వెళ్లేసరికి మూల కుర్చీలో అమ్మగారు ఉన్నారు. ఒంటరిగా, అదే ఆకుపచ్చ గౌనులో, నాడాలు చేతుల్లో పట్టుకుని. ఎప్పుడూ పట్టుచీరలో ముందు బెంచీలో చూసిన మనిషి. చిన్నపిల్లలా కనపడ్డారు.

"అయ్యగారికి చెప్పలే. డెంటల్‌కు పోతున్న అని వచ్చిన" అన్నారు.  దగ్గరికి వెళ్లి నాడాలు సరిచేసి, పొట్టిదాన్ని లోపలికి తిప్పి ముడివేశాను. ఆమే మళ్లీ అన్నారు.

"నీ సాక్ష్యం విని ధైర్యమొచ్చిందన్న గద ఆ రోజు. అది నిజం కాదు సుగుణా. పోకుండ ఉండనీకి నాకొక సాకు దొరికింది. నీ తప్పు కాదది."

"నా తప్పు గుడ ఉన్నదమ్మా. ఆ రోజు మీరు చెప్తుంటె నోట్ల సూదులు పెట్టుకొని ఊకున్న."

"సూదులు తీసినంక చెప్పొచ్చుండె" అన్నారు. ఆ గౌన్లలో మేమిద్దరం నవ్వుకున్నాం. పక్కన కూర్చున్న ఆవిడ మమ్మల్ని వింతగా చూసింది.

నా పేరు పిలిచారు. మందు ఎక్కుతుంటే వేడివేడి చాయ్ ఒక్క గుటకలో తాగినట్టు గొంతు నుంచి కిందికి వెచ్చగా పాకింది. నోట్లో ఇనుప రుచి. గుండుసూదుల రుచి నాకు అలవాటే కాబట్టి అదేం కొత్తగా అనిపించలేదు. సాయంత్రానికి చెప్పారు, ఉన్నది ఆ ఒక్కటే. ప్రభుదాస్ సంచి కింద పెట్టి రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు. పెళ్లైన ఇన్నేళ్లలో ఆయన ఏడవడం అప్పుడే చూశాను.

అమ్మగారి 3డిలో ఏమీ లేదు. ఏటేటా రమ్మన్నారు. ఆ సంగతి అయ్యగారికి ఆమే చెప్పుకున్నారట. డెంటల్ సంగతి కూడా.

ఆపరేషన్‌లో గడ్డ వరకే తీశారు. ఇంటికొచ్చిన రోజే అండాలు వదినె కొర్రమట్ట పులుసు గిన్నెతో దిగింది. పుండు మానడానికి అదే మందట. డాక్టరమ్మను అడిగితే తినండి అంది, మందు అని మాత్రం అనలేదు. ఆ నెలంతా మా ఇంట్లో కొర్రమట్టే. ప్రభుదాస్‌కు చేపలంటే పెద్దగా పడవు. కిక్కురుమనకుండా తిన్నాడు.

ఆగస్టు, సెప్టెంబరు

రేడియేషన్‌కు ప్రభుదాస్ వారానికి ఐదు రోజులు బండి మీద తీసుకెళ్లేవాడు. నొప్పి ఉండదు, నీరసమే. చర్మం ఇస్త్రీపెట్టె ఒక్క క్షణం ఎక్కువ ఆగిన బట్టలా కమిలింది. చెయ్యి పైకి లేవడానికి చాలా రోజులు పట్టింది. ఆ రోజుల్లో హుక్కులు, కాజాలు కీర్తనే కుట్టింది. వాటిని వేసుకున్నవాళ్లు పెద్ద మనసుతో క్షమించాలి. ఒకావిడకు పెళ్లిలోనే హుక్కు ఊడిందట. అయినా బ్లౌజు తిప్పి పంపలేదు, బాగుచేయించుకునే నెపంతో నన్ను చూడటానికి వచ్చింది.

మళ్లీ మార్చి

రోజుకొక మాత్ర వేసుకుంటున్నాను. కొన్నేళ్లు వేసుకోవాలట. చెయ్యి పూర్తిగా లేస్తోంది. నా ఏడాది పరీక్ష వచ్చే వారం. భయం లేదని చెప్పను, కానీ అన్నం సహిస్తోంది, పని సాగుతోంది. సొంత గౌను కుట్టుకున్నాను, చంకలు సరిగ్గా, నాడాలు సమానంగా. అదే తీసుకెళతాను.

ఈ నెలలో తెల్ల వ్యాను మళ్లీ వచ్చింది. మునుపటికంటే వరుస పెద్దదే. రిపోర్టులో దట్టంగా ఉన్నదని వచ్చేవాళ్లకు 3డి ఎక్కడ తీస్తారో చెప్పడానికి సునీత సెలవు పెట్టుకుని వచ్చింది. మొన్న ఆదివారం రిపోర్టులు పంచారు. అమ్మగారు చర్చి గుమ్మం దగ్గర బల్ల వేసుకుని, కళ్లజోడు పెట్టుకుని కూర్చున్నారు. ఒక్కొక్కరినీ ఎదురుగా కూర్చోబెట్టి, ఎవరి కాగితం వాళ్లకు మెల్లగా తెలుగులో చెబుతున్నారు. నేను పక్కన పేర్లు పిలుస్తున్నాను. మెడ కోసిన నా పాత రిపోర్టు ఆ బల్ల మీదే ఉంది, కాగితాలు ఎగిరిపోకుండా దాని మీద నా కత్తెర పెట్టాను.

అండాలు వదినె వంతు వచ్చింది. ఎండలో గంప దించి వచ్చింది, తొందరలో ఉంది. అమ్మగారు మొదటి లైను చదివి, "అనుమానపడే గడ్డ ఏం లేదంట" అన్నారు.

"నేనప్పుడే చెప్పలే, నాకేం రోగం లేదని?" అంటూ వదినె లేవబోయింది.

అమ్మగారు కాగితం మీద నుంచి కళ్లు తీయకుండానే ఆమె కొంగు పట్టుకున్నారు.

"కూసో. ఇంక అయిపోలే."